ఎమ్మాకి ఎవరూ నేర్పని లెక్క

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి ఏదో ఒక నవల పట్టుకునే అలవాటు మీకూ ఉందా? అయితే ఎమ్మా మనలో మనిషే!

ఎవరీ ఎమ్మా అంటారా? ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ రాసిన ‘మదాం బోవరీ’ నవలలో కథానాయిక. పుస్తకంగా 1857లో వచ్చింది. నీతి చెడగొడుతోందని రచయిత మీద కేసు పెడితే, ఆ ఏడే కోర్టు కొట్టేసింది.

రైతుబిడ్డ ఎమ్మా కాన్వెంటులో చదువుకుంది. చాటుగా చదివిన ప్రేమకథలతో తలంతా నిండిపోయింది. పల్లెటూళ్లో వైద్యం చేసే చార్లెస్‌తో పెళ్లయింది. మంచివాడే పాపం, కానీ ఆవిడ మనసులో ఏముందో ఆయనకి పట్టదు. ఎప్పుడూ అదే వీధి, అవే ముఖాలు. పారిస్ పటం కొనుక్కుని, దాని మీద వేలితో వీధులు తిరిగేది! అది చదివితే నా గుండె కలుక్కుమంది. పెళ్లయిన కొత్తలో రైలు కూత వినపడగానే, ఇదే ఊరు పోతోందో అని లెక్కేసుకునేదాన్ని నేనూ.

తర్వాత ఇద్దరిని ప్రేమించింది. మొదటివాడు లేచిపోదామని మాటిచ్చి, తీరా వేళకి ఆప్రికాట్ పళ్ల బుట్టలో ఉత్తరం పెట్టి పంపి జారుకున్నాడు. రెండోవాడి కోసం పియానో పాఠాలని చెప్పి వారం వారం రువాన్ పట్నం వెళ్లేది. చివరికి ప్రాణం తీసుకుంది.

“చూశావా, గడప దాటితే అంతే!” అన్నారు కథ విన్న మా అత్తగారు. నేను ఒప్పుకోను. మొదటివాడు వదిలేసినప్పుడు ఎమ్మా జబ్బుపడింది, మళ్లీ లేచింది. లేవలేనంతగా ముంచినవాడు బట్టల వ్యాపారి లెర్యూ! డబ్బుకేం తొందర అంటూ షాలువలు, కర్టెన్లు, తివాచీలు అంటగట్టాడు. నోటు మీద నోటు రాయించాడు. ఆ రోజుల్లో అక్కడ పెళ్లయిన స్త్రీ ఆస్తి అమ్మాలన్నా కొనాలన్నా భర్త అనుమతి కావాలి. అందుకని భర్త దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ తీసుకునే ఉపాయం కూడా చెప్పాడు. ఆఖరికి 8,000 ఫ్రాంకులు కట్టమని కోర్టు ఉత్తర్వు, సామాను జప్తు. ప్రేమించానన్న మొదటివాడు కూడా నా దగ్గర లేవని చేతులెత్తేశాడు.

తల్లీతండ్రీ పోయాక వాళ్ల చిన్నారి కూతురు నూలుమిల్లులో కూలికి చేరింది. నాకు కన్నీళ్లాగనిది అక్కడే.

మన గుమ్మాల్లోకీ చీరల మూటతో వాయిదాలవాడు వచ్చేవాడు కదూ? ఇప్పుడైతే ఫోనులోనే ‘ముందు కొనండి, తర్వాత కట్టండి’ అంటున్నారు.

మీ అమ్మాయి ఊరు దాటి వెళ్తానన్నా, ఎవరినో ఇష్టపడ్డానన్నా వెంటనే తలుపులు మూసేయకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. నీకంటూ సంపాదన ఉందా? బ్యాంకు ఖాతా నీ పేరునే ఉందా? చదవకుండా ఎక్కడైనా సంతకం పెట్టావా?

కలలు కననివ్వండి. పద్దు రాసుకోవడం కూడా నేర్పండి. ఏమంటారు?