చిల్కా దారిలో దిగిన అద్దం

బరంపురం తెలుగువారికి చిల్కా కొత్త కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. భువనేశ్వరం వెళ్లే రైలు ఇప్పటికీ ఆ నీటి అంచునే సాగుతుంది. పెళ్లయి ఈ ఊరు వచ్చిన నాటి నుంచి మా అమ్మ చిల్కాను రైలు కిటికీలోంచి చూసిందే గాని పడవ ఎక్కలేదు. ఆమెకిప్పుడు 82 ఏళ్లు. అందుకే ఈసారి కార్తీక వనభోజనానికి రంభ అనుకున్నాం.

ఛత్రపురం దాటి గంజాం దగ్గర ఋషికుల్య వంతెన మీదికి వచ్చాం. ఈ నది సముద్రంలో కలిసే చోటనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. నది చూడాలని మనవరాలు వెనక ఎడమవైపు అద్దం దించింది. మళ్లీ ఎక్కలేదు. పైన మబ్బు, పక్కన ఆయాసం మనిషి. పైగా అద్దం తెరిచిన కారును సామానుతో సహా రేవు దగ్గర వదిలేదెలా? "మీరు వెళ్లి రండర్రా, నేను కారులో కూర్చుంటాను" అంది అమ్మ.

బ్యాంకులో సాయంత్రం లెక్క పొసగకపోతే తేడా ఎక్కడ లేదో ముందు తేల్చుకుంటాం. ఇదీ అంతే. వంతెన దాటాక కారు పక్కకు ఆపాం. మిగతా మూడు అద్దాలు కదులుతున్నాయి కనుక మా కారులో అన్నిటికీ కలిపి ఉన్న ఫ్యూజు బాగానే ఉంది. డ్రైవరు తలుపు మీది లాక్ మీట నొక్కి లేదు. డ్రైవరు వైపు స్విచ్ నొక్కితే తలుపులోంచి సన్నగా మోటారు చప్పుడు వచ్చింది. అంటే కరెంటు అందుతోంది, చిక్కు అద్దాన్ని ఎత్తే యంత్రంలోనే ఉంది.

మా అబ్బాయి అద్దాన్ని లోపలా బయటా అరచేతులతో అదిమి పట్టి పైకి తోశాడు. నేను స్విచ్‌ను కొద్దికొద్దిగా నొక్కాను. నాలుగోసారికి అద్దం పైకి చేరింది. ఇక ఎవరూ ఆ మీట ముట్టకుండా లాక్ వేశాను. మర్నాడు వర్క్‌షాపులో తలుపు విప్పితే రెగ్యులేటరు తీగ పోగులు విడివడి ఉన్నాయి.

మన సభ్యులకు ఒకటి రెండు మాటలు. నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగితే ముందు ఫ్యూజు చూడండి. కాలిపోతే అదే ఆంపియర్లది వెయ్యండి, ఎక్కువది వేస్తే వైర్లు కాలతాయి. ఒక్కటే ఆగి, చప్పుడు కూడా లేకపోతే స్విచ్చో, మోటారో, తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలో తెగిన వైరో అయి ఉంటుంది. అద్దం తోసేటప్పుడు వేళ్లు అంచు మీద పెట్టవద్దు.

రంభలో వాన పడలేదు. 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు మీద అమ్మ గంటసేపు పడవలో కూర్చుంది. దూరంగా రైలు వెళ్తుంటే చెయ్యెత్తి మనవరాలికి చూపించింది.