తొందరపెట్టని పని

సాంకేతిక విభాగమున ఉదయము మొదలు సాయంకాలము వరకు పాస్‌వర్డు మరచినవారును, నెట్టు రాలేదనువారును, ఈ క్షణమే కావలెనను పై అధికారులును కాలమునంతయు పంచుకొనిపోవుచుండగా, ఎవ్వరును అడుగని పని యొకటి మూలన పడియుండును. దాచిన బ్యాకప్పు నిజముగా తిరిగి పనిచేయునా యని పరీక్షించుట యట్టిది.

2017 జనవరి 31న, సాఫ్ట్‌వేరు కోడును భద్రపరచు సేవను నడుపు గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, అప్పటికప్పుడు తలయెత్తిన చిక్కును చక్కబెట్టు ఆతురతలో పొరబాటున అసలు డేటాబేసునే తుడిచివేయగా, అందరును బ్యాకప్పుల కొరకు వెదకిరి. డేటాబేసు 9.6 వెర్షనుదై యుండగా బ్యాకప్పు తీయు సాధనము 9.2 వెర్షనుదగుటచే, అది విఫలమగుచునే యుండెను. ఆ వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు సయితము తిరస్కృతములై ఎవ్వరికిని చేరవయ్యెను. వేరొక పనికై సుమారు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాటు దైవికముగా దొరకుటచే నష్టము ఆ ఆరు గంటల సమాచారముతో ఆగెను. ఈ వృత్తాంతమునంతయు వారే దాపరికము లేక ప్రకటించిరి. అది నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

గూగుల్ సంస్థ, సేవలు ఆగకుండ చూచు తన సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లకు యాంత్రికమైన చాకిరి సగము కాలమును మించరాదని హద్దు పెట్టుకొన్నది. అంతటి వెసులుబాటు మనబోటి చిన్న విభాగములకు లేదందురు. కాని వారమున కొక పూట ఫోనులన్నియు ఒక్కరికే అప్పగించి, తక్కినవారు బ్యాకప్పును వేరొక యంత్రముపై తెరచి చూచుట అసాధ్యమని నే నొప్పుకొనజాలను. పై అధికారి ప్రింటరు సంగతి వేరు. అది శాస్త్రమున కతీతము.