నోటితో ఇచ్చిన రిపోర్టు

మా ఊరి పేరు తప్పు లేకుండా రాయడం నాకు హైస్కూలుకి వచ్చాక గానీ పట్టుబడలేదు. నిడదవోలులో డ, ద పక్కపక్కనే ఉంటాయి. ఏది ముందో నేను తేల్చుకునేలోపు మిగతా పిల్లలు పేజీ తిప్పేసేవారు. ప, వ ఒకలాగే కనబడేవి. ఒక అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్కదాని కిందకి పోయేది. ఇంగ్లీషు సంగతి చెప్పక్కర్లేదు. పాఠం వింటే మాత్రం నోటికి వచ్చేసేది. మాస్టారు అడిగితే లేచి గడగడా చెప్పేవాణ్ణి, అదే రాయమంటే తెల్లకాగితం ఇచ్చేవాణ్ణి. తెలిసీ రాయట్లేదు, బద్ధకం అని ఇంటికి కబురు వెళ్లేది. నాన్న రైస్ మిల్లు నుంచి అలిసిపోయి వచ్చి బెత్తం అందుకునేవారు. అమ్మ అడ్డం పడేది. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. అదొక ఇబ్బంది అని, దానికి డిస్‌లెక్సియా అని పేరుందని మా వీధిలో ఎవరికి తెలుసు?

ఇబ్బంది మాత్రం కొత్తది కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ డాక్టరు, తెలివైన పద్నాలుగేళ్ల కుర్రాడొకడికి ఎంత నేర్పినా చదవడం రావట్లేదని వైద్య పత్రికలో రాశాడు. చదువంతా నోటితోనే చెబితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడు అవుతాడని ఆ కుర్రాడి మాస్టారు అన్నాడట. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే ఒక మాస్టారు కనిపెట్టిన విషయం నా దాకా రాలేదు.

పదో తరగతిలో హిందీకి 20 మార్కులొస్తే చాలు కాబట్టి అది గట్టెక్కింది. ఇంగ్లీషు పోయింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది. తర్వాత ఐటీఐలో ఫిట్టరు ట్రేడు. అక్కడ మొదటిసారి ఊపిరాడింది. ఆకురాయి పట్టడం, వెర్నియర్ చూడడం, షాఫ్టు అలైన్‌మెంటు, ఇవన్నీ చేతికి వచ్చే పనులు. చిన్నప్పటి నుంచి మిల్లులో తిరిగినవాణ్ణి కదా, మోటారు మోత తేడాగా ఉంటే ఎక్కడ పట్టేస్తుందో చెప్పగలిగేవాణ్ణి.

మొదటి ఉద్యోగం ఊరికి దూరంగా ఒక ఫ్యాక్టరీలో. పొద్దున్నే షిఫ్టు ఎక్కేముందు టూల్‌బాక్స్ టాక్ అని అందర్నీ నిలబెట్టి, రోజుకొకరి చేత సేఫ్టీ సూచనలు పైకి చదివించేవారు. నా వంతు వచ్చే రోజు దగ్గరపడుతుంటే కడుపులో నొప్పి మొదలయ్యేది. నొప్పి నిజమైనదే, మాత్ర వేసుకున్నా తగ్గేది కాదు. ఒకరోజు సూపర్‌వైజరు కాగితం చేతిలో పెట్టి, నేను మొదటి లైను దగ్గర ఆగిపోతే, పూర్తయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. అందరూ నిలబడ్డారు. కొందరు నవ్వారు, ఒకతను నా బదులు చదువుతానంటే ఒప్పుకోలేదు. నా చొక్కా తడిసిపోయింది. "ఐటీఐ సర్టిఫికెట్టు ఎక్కడ కొన్నావురా?" అన్నాడు చివరికి. ఆ నెల జీతం తీసుకుని వచ్చేశాను. చాలాకాలం నిడదవోలు చుట్టుపక్కల మిల్లుల్లోనే రిపేర్లు చేస్తూ గడిపాను. పనికి లోటు లేదు, ఎదుగుదలే లేదు. పెళ్లయ్యాక ఆ రోజుకూలితో గడవదని అర్థమైంది.

రాజమండ్రి వైపు ఇంకో ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు హెల్పరుగా చేరాను. రోజూ ప్యాసింజర్లో కొవ్వూరు మీదుగా గోదావరి దాటి వెళ్లేవాణ్ణి. అక్కడ లాగ్‌బుక్కు ఉంది. ప్రతి షిఫ్టు చివర ఏ మెషీనుకి ఏం చేశామో రాయాలి. పక్కవాళ్లకి టీలు ఇప్పించి రాయించుకునేవాణ్ణి. ఒకరోజు మా ఇంజినీరు గారు పక్కకి పిలిచారు.

"పంపు గురించి నువ్వు చెప్పిందే కరెక్టయింది. మరి బుక్కులో ఎందుకు రాయలేదయ్యా?"

"రాయలేనండి."

"రాయవా, రాయలేవా?"

"రాయలేనండి. అక్షరాలు కుదురుగా ఉండవండి."

ఆయన నవ్వలేదు. వాళ్ల మేనల్లుడికీ ఇలాగే ఉందని, డిస్‌లెక్సియా అంటారని చెప్పారు. నీకేం కావాలి అని అడిగారు. ఆ మాట అంతకుముందు నన్నెవరూ అడగలేదు, జవాబు కూడా వెంటనే తట్టలేదు.

తర్వాత జరిగినవి పెద్ద ఖర్చు పనులేమీ కావు. లాగ్‌బుక్కు బదులు మెషీన్ల నంబర్లు ముందే అచ్చేసిన షీటు చేయించారు. వేడి, అదురు, మోత, గ్రీజు, అన్నింటికీ గళ్లు, టిక్కు పెట్టడమే. వివరం ఏమన్నా ఉంటే ఫోనులో వాయిస్ రికార్డు చేసి పంపేవాణ్ణి. 2017లో గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చాక నా మాట నేరుగా అక్షరాలయ్యేది. ఈ రాత కూడా అలా చెప్పి రాయించుకున్నదే, తర్వాత ఫోను చేత పైకి చదివించుకుని దిద్దుకున్నాను. స్టోర్సులో 6205, 6305 బేరింగులు ఉంటాయి. రెంటికీ లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లే, బయటి కొలత ఒకదానికి 52, ఇంకోదానికి 62. ఆ నంబర్లు నా కళ్లకి తారుమారవుతాయి. 62 సిరీస్ ర్యాకుకి పచ్చ రంగు, 63 సిరీస్‌కి ఎర్ర రంగు వేయించారు. వర్క్ పర్మిట్ ఇచ్చేవాళ్లు దాన్ని పైకి చదివాకే నా సంతకం తీసుకోవాలన్నారు. అన్నింటికన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం, కరెంటు ఆపారో లేదో చదవలేనివాడి ప్రాణం ఆ కాగితం మీదే ఉంటుంది. టెక్నీషియన్ ప్రమోషన్ పరీక్ష నోటితో పెట్టారు. ప్యాసయ్యాను.

తర్వాత ఆ ఇంజినీరు గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన షీటు తీసేసి పాత బుక్కు పెట్టారు. ఒకడి కోసం పద్ధతి మార్చేది లేదన్నారు. ఆఫీసులో అడిగితే వికలాంగుల సర్టిఫికెట్టు తెమ్మన్నారు. విశాఖలో ఒక సైకాలజిస్టు దగ్గరకి వెళ్లాను. పరీక్షలన్నీ బడిపిల్లల కోసం తయారైనవి. పెద్దవాళ్లకి అవి సరిపోవని ఆవిడే చెప్పి, తను చూసింది ఉత్తరంగా రాసిచ్చారు. ఆవిడ చెప్పాకే నాకు చట్టం సంగతి తెలిసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో మాలాంటివాళ్ల అభ్యసన ఇబ్బందీ ఒకటి. ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉందనే సర్టిఫికెట్టు కావాలి గానీ, పని చేసుకోవడానికి కావలసిన ఏర్పాటుకి ఆ గీత అడ్డం కాకూడదు. చెయ్యి పట్టేసే జబ్బున్న వికాస్ కుమార్ సివిల్స్ పరీక్షలో తన బదులు రాసే స్క్రైబ్ కోసం కోర్టుకెక్కితే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

నేను కోర్టుకి వెళ్లలేదు. ఆ ఉత్తరం, ఆ తీర్పు సంగతి పట్టుకుని మా హెచ్ఆర్ మేడం గారి దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. నెమ్మది మీద షీటు మళ్లీ వచ్చింది. ఈసారి ఒక మనిషి దయ మీద కాకుండా, కంపెనీ విధానంలో రాతపూర్వకంగా వచ్చింది. అప్పటికి మిగతా షిఫ్టులవాళ్లూ ఆ షీటే కావాలంటున్నారు. "వీడికొక్కడికే స్పెషలా?" అన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఇప్పుడు నేను షిఫ్టు ఇన్‌చార్జిని. టూల్‌బాక్స్ టాక్ నేనే చెబుతాను, కాగితం లేకుండా. చదవడం ఇప్పటికీ నిదానమే, అది పోయేది కాదు.

మీ పిల్లవాడు నోటితో అంతా చెప్పి కాగితం మీద పెట్టలేకపోతుంటే కొట్టకండి, మూడో తరగతి కల్లా పరీక్ష చేయించండి, సర్టిఫికెట్టు తీసుకోండి. పరీక్షల్లో స్క్రైబ్, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం దానితోనే అడగొచ్చు. మీ కింద పనిచేసేవాడు ఎవరన్నా లాగ్‌బుక్కు దగ్గర తప్పించుకు తిరుగుతుంటే, నలుగురిలో చదివించకండి. పక్కకి పిలిచి, ఏం కావాలో అడగండి. ఇచ్చింది మాత్రం రాసి పెట్టండి, మీరు బదిలీ అయినా అతనికి మిగిలేలా.