మా ఇంట్లో మూడు షిఫ్టులు

రాత్రి రెండు గంటలు. హాల్లో వెలుగు కనిపిస్తే లేచి వెళ్లాను. నాన్న నేలమీద చాప పరుచుకుని కూర్చున్నారు. ఎదురుగా జిమ్మీ నిద్రపోతోంది. నేనేదో అడగబోతే, 'ష్‌... లెక్కపెడుతున్నా' అన్నారు. అర నిమిషం గడిచాక, 'పన్నెండు. అంటే నిమిషానికి ఇరవై నాలుగు. ఫర్వాలేదమ్మా, వెళ్లి పడుకో' అంటూ పుస్తకంలో రాసుకున్నారు.

ఆయన లెక్కపెట్టింది జిమ్మీ ఊపిరిని!

జిమ్మీ మా పొమరేనియన్. 2011లో నాన్న చేతిసంచిలో పెట్టుకుని తెచ్చారు. 'ఇంట్లో కుక్కేంటండీ' అని అమ్మ మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు నుంచి దానికి పెరుగన్నం కలిపి పెట్టిందీ అమ్మే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్లో ఉన్నాం. నాన్న ప్లాంటులో డ్యూటీలో ఉండిపోయారు. గాలి హోరుకి జిమ్మీ రోజంతా మంచం కింద నుంచి రాలేదు. నాన్న వచ్చి తలుపు తట్టగానే మాత్రం మా అందరికన్నా ముందు అదే పరుగెత్తింది.

2018లో నాన్న రిటైరయ్యాక కూర్మన్నపాలెం వచ్చేశాం. రెండేళ్ల కిందట జిమ్మీకి దగ్గు మొదలైంది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని, తేనె నాకించి ఊరుకున్నాం. మూడు వారాల తర్వాతగానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. తీరా చూస్తే అది గొంతు దగ్గు కాదు, గుండె దగ్గు. గుండెలోని కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి తన్నుతోందట. చిన్నజాతి కుక్కలకు ముసలితనంలో ఎక్కువగా వచ్చే జబ్బేనన్నారు. ఆ మూడు వారాలూ తలచుకుంటే ఇప్పటికీ నాకు తప్పు చేసినట్టే ఉంటుంది.

ఆ తర్వాత కళ్లకు శుక్లాలు. నిరుడు కిడ్నీలు.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. గుండె జబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా మాత్ర వేయాలి. ఆ మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపేస్తుంది. కిడ్నీలకేమో ఒంట్లో నీరు తగ్గకూడదు. ఒకదానికి మందు, రెండోదానికి గండం! 'రెండింటికీ మధ్య నెట్టుకురావడమేనండీ' అన్నారు డాక్టరు. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటకుండా ఉంటే మంచిదనీ, అదే పనిగా పెరుగుతుంటే వెంటనే తీసుకురమ్మనీ చెప్పారు.

అప్పటి నుంచీ ఇంట్లో మూడు షిఫ్టులు. పొద్దున్నే గుండె మాత్ర నాది. గంటాగి ఉప్పు లేని అన్నం, గిన్నెనిండా నీళ్లు అమ్మవి. రాత్రి ఊపిరి లెక్క నాన్నది. పాత డైరీలో తేదీ, టైము, ఊపిరి, ఎంత తిన్నదీ అన్నీ రాస్తారు. గుండెకు స్టెంటు వేశాక నాన్నకూ నీరు పోయే మాత్ర రాశారు. ఇద్దరి మందుల డబ్బాలూ ఒకే అలమరలో, వేర్వేరు అరల్లో! మన మాత్రలు కొన్ని కుక్కలకు ప్రమాదం. డాక్టరు చెప్పకుండా ఏదీ వేయకూడదు. అందుకే జిమ్మీ డబ్బాకు అమ్మ ఎర్రదారం కట్టింది.

మొన్న వేసవిలో ఓ రాత్రి లెక్క యాభై దాటింది. మన విశాఖ ఉక్కపోత తెలిసిందే కదా. గాలిలో తేమ ఎక్కువైతే కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఆటోలో పరుగెత్తాం. ఇంజెక్షన్ పడ్డాక తెల్లారేసరికి తేరుకుంది. పరామర్శకు వచ్చిన బంధువొకాయన, 'ఎందుకీ అవస్థ? ఓ సూది వేయించేయండి' అన్నారు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ... నిద్రలేని కళ్లతో నాకూ ఒక్క క్షణం అదే అనిపించింది. అందుకే అంత కోపం!

ఆ సాయంత్రం నాన్నను అడిగేశాను, 'ఎన్నాళ్లిలా?' అని.

నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేశారు. 1990లో 'గోదావరి' ఫర్నేస్ వెలిగించిన నాటి కబుర్లు నేను పుట్టిన ఏడాదితో కలిపి చెబుతుంటారు. 'ఫర్నేస్‌ని ఒకసారి వెలిగిస్తే రాత్రీ పగలూ చూసుకోవాల్సిందేనమ్మా. షిఫ్టయిందని వదిలేసి రాం, పక్కవాడికి అప్పజెప్పి వస్తాం. అలాగని దాన్ని ఆపే రోజు రాదని కాదు. ఆ రోజు ఎప్పుడో లెక్కలు చెబుతాయి. మన విసుగు చెప్పకూడదు' అన్నారు.

డైరీ ఆఖరి పేజీ చూపించారు. డాక్టరును అడిగి రాసుకున్న మూడు ప్రశ్నలు. తనంతట తాను తింటోందా? మనం పిలిస్తే తోక ఊపుతోందా? నొప్పి లేకుండా నిద్రపోతోందా? 'ఈ మూడూ వరసగా కాదని రాయాల్సి వస్తే, నేనే తీసుకెళ్తా. నా కోసం దాన్ని బాధపెట్టను' అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. చెప్పులు విప్పుతుంటే కళ్లు కనిపించని జిమ్మీ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. చెప్పులు వాసన చూసి తోక రెండుసార్లు ఊపింది. లోపలి నుంచి నాన్న గొంతు... 'వచ్చిందా? టైమెంతయిందో చెప్పు, రాసుకుంటా.'