వినువాని వంతు

నా పదియవ యేట ఒక వేసవి మధ్యాహ్నమున మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని, పొరుగూరిలో నున్న దూరపు బంధువుల యింటికి నూరు రూపాయలు చేబదులడుగుటకై వెళ్ళిరి. కుశలప్రశ్నలు ముగిసి, మజ్జిగ త్రాగి, వారు తమ యవసరమును మెల్లగా విన్నవింపగా, ఆ పెద్దమనిషి కండువాతో మొగము తుడుచుకొని, "మొన్ననే మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది, బావగారూ" అనెను. వెంటనే మా తండ్రిగారు "అలాగా! ఎన్నో నెల?" అని యడిగిరి; అటుపిమ్మట సొమ్ము ప్రసక్తి రాలేదు. తిరుగుదారిలో, "ఎప్పుడిస్తానన్నారు నాన్నగారూ?" అని నేనడిగితిని. "ఇవ్వలేనన్నారు కదరా" అని వారు తాపీగా చెప్పిరి. నా చెవిని పడని మాట వారి చెవినెట్లు పడెనా యని నేను చాలకాలము విస్తుపోయితిని.

పురిటికి వచ్చిన కూతురికిని నూరు రూపాయలకును వాచ్యార్థమున సంబంధ మేమియు లేదు. అయినను, అడిగినదానికి అతడు బదులే చెప్పుచున్నాడను నమ్మికను విడువక, మంత్రసాని, బారసాల, అల్లునికి పెట్టవలసిన బట్టలు, వీనినన్నిటిని నడుమ నింపుకొని, 'లేదు' అను మాటను వినువాడే పూర్తి చేసికొనును. బ్రిటిష్ తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నిచ్చిన ఉపన్యాసములలో విశదీకరించినది ఈ నమ్మికనే: సంభాషణ ఇరువురి సహకారమున నడచునది గనుక, మాట దారి తప్పినట్లు తోచినను, తప్పలేదనుకొని వెదకువానికే భావము చిక్కును.

మన యాలంకారికులకు ఈ విచారము క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున ఆనందవర్ధనుడు దీనిని వ్యంజనావ్యాపారమని ప్రతిపాదింపగా, తరువాతి కాలమున మహిమభట్టు వ్యక్తివివేకములో, వ్యంజన యని వేఱొకటి లేదు, పొగను చూచి నిప్పు నూహించినట్లే మాటను విని భావము నూహింతుమని వాదించెను. ఆ వాదమున నాకు గౌరవము కలదు. మా తండ్రిగారు చేసినదియు ఊహయే కదా. కాని మనము చూచుచున్నామను ఎఱుక పొగకు లేదు. మా బంధువో, ఎదుటివారు చూడవలెననియే ఆ పొగను లేపెను. అదియునుగాక, పొగ యున్నచోట నిప్పు తప్పదు. పురిటి మాట వెనుక నిరాకరణము తప్పనిసరి కాదు. "అయినా మీరడిగితే కాదంటానా" అని మఱుక్షణమే అతడు పెట్టె తెఱచి యుండవచ్చును. ప్రొద్దు గ్రుంకినదను నొక్క మాటయే పసులకాపరికి మందను మరలింపుమనియు, విప్రునకు సంధ్య వార్చుమనియు వినబడునని మమ్మటుడు చూపలేదా?

ఈ సున్నితము వాడుకచే అరిగిపోవుటయు కలదు. పెళ్ళిచూపుల చివర "ఇంటికి వెళ్ళి ఉత్తరం వ్రాస్తాము" అను మాటను వంటయింటి గోడ కావలినుండి విన్న తల్లికి ఊహింపవలసిన పనియే లేదు. నిజముగా వ్రాయదలచినవారే, "ముహూర్తాలు చూపించండి" అని వేఱొక మాట వెదకికొనవలసి వచ్చెను.

నాకు ఇప్పుడు మనసున మెదలునది మా తండ్రిగారి గ్రహణశక్తి కంటె, గ్రహించినట్లు తెలుపుటకు వారెన్నుకొన్న ప్రశ్న. "ఎన్నో నెల?" అనగా, 'తెలిసినది, మీరు నొచ్చుకొనవలదు' అని ఆ బంధువునకు వినబడియుండును. శ్రావణములో ఆ యింట బారసాల జరిగినపుడు, మా అమ్మ ఇచ్చిన నేతిగిన్నెతో మరల మేమిరువురము వెళ్ళితిమి. తిరిగి వచ్చునపుడు, వలదని వారించినను వినక, ఆయన చెరువుగట్టు దాక మాతో నడచి వచ్చెను. దారి పొడవున వారిరువురును వానలను గూర్చియే మాటలాడుకొనిరి.