సైలెన్సర్ ఒక్కటే మారిస్తే ఎలా బాసూ?

పాత కార్బురేటర్ బుల్లెట్‌కి ఫ్రీఫ్లో సైలెన్సర్ బిగించిన ప్రతివాడూ "పికప్ పెరిగింది మామా" అంటాడు. పెరిగింది చప్పుడు! పొగ సులువుగా బయటికి పోతే ఇంజన్ గాలి ఎక్కువ లాగుతుంది, పాత జెట్ అందుకు తగ్గ పెట్రోలు ఇవ్వదు. మిశ్రమం పల్చబడి ఇంజన్ కాగిపోతుంది. టెస్టింగ్ లేకుండా కోడ్ రిలీజ్ చేసినట్టే అన్నమాట.

ఇంట్లో చేసుకునేవాళ్ళు కాస్త తిరిగాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. మసి పడితే ఎక్కువైంది. లేత గోధుమ రంగుంటే ఇక ముట్టుకోకండి.

2020 నుంచి వస్తున్న బీఎస్6 బళ్ళతో ఈ స్క్రూడ్రైవర్ వైద్యం కుదరదు, అక్కడంతా ఆక్సిజన్ సెన్సరూ, ఈసీయూ. 2019 చట్ట సవరణ పుణ్యమా అని చప్పుడుకి జరిమానా పదివేల దాకా ఉంది.

నా బండికి మాత్రం కంపెనీ సైలెన్సరే. షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి రెండవుతుంది, కింది వాటాలో నెలల పాప ఉంది.