శ్లాబుకు వాటం

శ్లాబు చదునుగా కనిపించవచ్చు గానీ చదునుగా ఉండకూడదు. పైన పడిన నీరు గొట్టం ఉన్న మూలకు తనంతట తాను జరిగిపోయేలా ఇచ్చే కొద్దిపాటి ఏటవాలును తాపీ మేస్త్రులు వాటం అంటారు. అది మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి. వాన గట్టిగా పడే చోట ఒకటిన్నర ఉంటే మేలు. అంటే అయిదు మీటర్ల డాబాకు ఈ చివరికీ ఆ చివరికీ అయిదు నుంచి ఏడున్నర సెంటీమీటర్ల తేడా. కంటికి ఆనదు. రసమట్టానికో, నీళ్లు నింపిన లెవెల్ ట్యూబుకో దొరుకుతుంది. కారకుండా వేసే పూతలూ పొరలూ అన్నీ దీని తర్వాతివే.

చదును కప్పు కృష్ణా డెల్టాలో పుట్టింది కాదు. మట్టి మిద్దె కర్నూలు, అనంతపురం వైపు సొత్తు. దూలాల మీద కట్టెలో బండలో పరిచి పైన చౌడు మన్ను కప్పితే అక్కడి కొద్దిపాటి వానకు సరిపోయేది. ఏటా మీటరు దరిదాపు వాన చూసే డెల్టాలో తాటాకిల్లూ పెంకుటిల్లూ బాగా వాలుగా ఉండేవి. మండువా లోగిలైతే నాలుగు వైపుల నీటినీ నడిమి వాకిట్లోకి దింపుకునేది. సిమెంటూ ఇనుమూ చేతికందాక ఎండసీమ ఆకారం వానసీమకు దిగివచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసిన తర్వాత తీరంలో కట్టిన తుపాను షెల్టర్లు శ్లాబు కట్టడాలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు బెజవాడ సింగ్‌నగర్ జనానికి రోజుల తరబడి పై అంతస్తులూ డాబాలే దిక్కయ్యాయి. ఇంతలా కాపాడే కప్పు మామూలు వానకే లోపల కురవడం విడ్డూరమే గానీ, అరుదు మాత్రం కాదు.

కాంక్రీటు రాయి కాదు, స్పంజికి దూరపు చుట్టం. 50 కిలోల సిమెంటు బస్తా గట్టిపడడానికి నిజంగా కావలసిన నీరు 20 లీటర్లకు అటూ ఇటూ. పని సాగడానికి మరికొంత పోసినా 25 లీటర్లు దాటకూడదు, తడి ఇసుకలో ఉన్న నీటినీ ఇందులోనే లెక్కించుకోవాలి. మాలు జారుగా ఉంటే పరచడం సులువని కూలీలు ఇంకో బకెట్ పోస్తారు. ఆ అదనపు నీరు తర్వాత ఆవిరై, వెంట్రుకల్లాంటి సన్నని దారులను వదిలిపోతుంది. వాన నీరు దిగేది ఆ దారుల్లోనే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకో చిక్కు, బోరు నీటి ఉప్పు. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 పెట్టిన హద్దు. నోటికి ఉప్పగా తగిలే నీరు దాన్ని దాటి ఉండవచ్చు.

పోసిన మర్నాడు శ్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి, మళ్లు కట్టి నీళ్లు నిలుపుతారు. మాటా పద్ధతీ రెండూ పొలం నుంచి వచ్చినవే. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది రోజులు ఈ మళ్లు ఆరకూడదు. మే నెల బెజవాడ ఎండలో ఒక్క పూట ఆరినా పైపొర జల్లెడలా చిట్లుతుంది.

ఎండ చేసే చేటు అక్కడితో ఆగదు. డిగ్రీ వేడికి కాంక్రీటు లక్షలో ఒక వంతు సాగుతుంది. పది మీటర్ల శ్లాబు మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ మధ్య 30 డిగ్రీల తేడా చూస్తే మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. సాయంత్రం గాలివాన వచ్చి కాలిన శ్లాబు మీద చన్నీళ్లు కుమ్మరిస్తే ఆ కదలిక ఇంకా వేగంగా జరుగుతుంది. శ్లాబు కదిలినంతగా పిట్టగోడ కదలదు, అందుకే మొదటి పగులు ఆ రెండూ కలిసే గీత వెంటే వస్తుంది. అక్కడ సిమెంటుతో గుండ్రని వాలు కట్టి, పూతను గోడ మీదికి ఒక అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. నీటి ట్యాంకు దిమ్మె చుట్టూ, గొట్టం శ్లాబును చీల్చుకుని దిగే చోట, డిష్ యాంటెనా బోల్టుల దగ్గర కూడా ఇదే తంతు. వీటన్నిటినీ మించిన దొంగదారి మరొకటుంది. పై అంతస్తు ఎప్పటికైనా వేద్దామని స్తంభాల మీద వదిలిన ఇనుప ఊచలవి. పై అంతస్తు రాదు, ఊచలు మాత్రం ఏళ్ల తరబడి తుప్పు పడుతూ వాటి మొదలు వెంట నీటిని కిందికి దింపుతుంటాయి. చౌకరకం కాంక్రీటుతో వాటిని కప్పి ఉంచితే సరిపోతుంది, కావలసిననాడు పగలగొట్టుకోవచ్చు.

పిట్టగోడ ఉన్న డాబా నిజానికి తొట్టి. వంద చదరపు మీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన పడితే పది వేల లీటర్లు, అంటే పది టన్నులు. దాన్నంతా దింపవలసింది రెండు మూడు తూములు. ఒక ప్లాస్టిక్ సంచి చాలు ఒకదాన్ని మూయడానికి. తూముకు గడ్డి అడ్డుపడితే పొలం ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేని చోట కూడా డాబా తూమును వాన వెలిశాకే చూస్తారు.

లోపల చుక్క పడిన చోటుకు సరిగ్గా పైన పగులు ఉంటుందనుకోవడం పొరపాటు. నీరు శ్లాబులోని కరెంటు పైపు పట్టుకుని గది దాటి వెళ్లి ఫ్యాను బాక్సులోంచి కారుతుంది. అలాంటప్పుడు ముందు మెయిన్ ఆపాలి, తర్వాతే బకెట్. ఎండాకాలంలోనూ మచ్చ తడిగానే ఉంటే అది వాన నీరు కాదు, ట్యాంకుదో గొట్టానిదో. అనుమానం తీరకపోతే తూములు మూసి, గట్టు కట్టి, రెండు మూడు సెంటీమీటర్ల నీరు రెండు మూడు రోజులు నిలిపి చూస్తారు. శ్లాబులో ఒక్కో భాగాన్ని విడిగా నింపితే దొంగ దొరుకుతాడు.

మద్రాసు టెర్రస్ అనే పాతకాలపు కప్పుకు ఇటుక కంకర, సున్నం కలిపి, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క తాపీలతో కొట్టేవారు. కూలీ ఖర్చు దాన్ని చంపింది గానీ, గుణంలో లోటు లేదు. ఇప్పుడు ఇటుక ముక్కల్ని సిమెంటులో పరిచి వాటం తీస్తున్నారు. పది సెంటీమీటర్ల మందానికి చదరపు మీటరుకు రెండు వందల కిలోల దాకా బరువు పడుతుంది. ఎక్కి తిరిగే డాబాకు లెక్కల్లో వేసుకునే పై బరువు 150 కిలోలే. కారినప్పుడల్లా పాతదాన్ని తియ్యకుండా ఇంకో పొర పోస్తే శ్లాబు నడుము వంగుతుంది, వంగిన నడుములో మళ్లీ నీళ్లు నిలుస్తాయి.

తారు షీటు నీటిని బాగానే ఆపుతుంది. కాకపోతే నల్లగా ఉండి ఎండను తాగుతుంది, మంచం కోళ్లకు చిరుగుతుంది. వడియాలు పెట్టే, మిరపకాయలు ఆరబోసే డాబాకు అది పొసగదు. తెల్లని ఆక్రిలిక్ పూత వేడిని తిప్పికొట్టి శ్లాబు కదలికను తగ్గిస్తుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇంటి చల్లదనం కోసమే అయినా, అలాంటి పూత శ్లాబు ఆయుష్షుకూ మంచిదే. అయితే నీరు నిలిచే చోట ఆక్రిలిక్ మెత్తబడి ఊడిపోతుంది. అక్కడ పాలీయురేథేన్ నిలబడుతుంది, ఖర్చూ ఎక్కువే. డబ్బా మీది పదేళ్ల హామీ వాటం ఉన్న శ్లాబును ఊహించుకుని రాసింది.

పూత ఏదైనా పాచి గీకి, కడిగి, ఆరాకే వేయాలి. పగుళ్లను తొలిచి నింపి, వాటి మీదా మూలల్లోనూ జాలీ గుడ్డ పరిచి, అడ్డంగా ఒక పూత, నిలువుగా ఒక పూత వేస్తారు. సంక్రాంతి వెళ్లాక ఎండలు ముదరకముందు, అదీ ఉదయం పూట, ఈ పనికి అనువైన వేళ. రోహిణి కార్తె మధ్యాహ్నం వేసిన పూత కింద తడి ఆవిరై బుడగలు లేస్తాయి.

లోకప్పు పెచ్చులూడి ఊచ కనిపిస్తే పైపూతతో తీరదు. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరింతలు చోటు అడుగుతుంది. ఆ తోపుడుకే పెచ్చు రాలేది. వదులైనదంతా కొట్టేసి, ఊచను గీకి, తుప్పు ఆపే పూత రాసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. ఊచ బాగా సన్నబడి ఉంటే ఇంజనీరును పిలవాలి. లోపలి రంగు అన్నిటికంటే చివరి పని. శ్లాబు తాగిన తడి పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. అంతవరకు వేసిన రంగు సున్నపు పొట్టుగా రాలుతూనే ఉంటుంది.